బోగాంగ్ రెక్కల పురుగు, కొరోబరీ కప్ప: పోలిక ప్రాజెక్టులో ఏ అంశాలు పెట్టాలి?

ప్రశ్న: జువాలజీ_రెండో_ఏడు

నమస్తే అండీ. బీఎస్సీ ప్రాజెక్టుకి ఒకే ప్రాంతంలో బతికే రెండు జీవుల పోలిక రాయాలి. ఒకటి అందరికీ తెలిసిన మామూలు జీవి, రెండోది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నది కావాలన్నారు. ఆస్ట్రేలియాలోని స్నోయీ పర్వతాల నుంచి రెండింటిని ఎంచుకున్నాను. బోగాంగ్ మాత్ అనే రెక్కల పురుగు, శాస్త్రీయ నామం అగ్రోటిస్ ఇన్‌ఫ్యూసా. సదరన్ కొరోబరీ కప్ప, శాస్త్రీయ నామం సూడోఫ్రైన్ కొరోబరీ.

పట్టికలో ఇప్పటిదాకా వర్గీకరణ, సైజు, ఆహారం, గుడ్ల సంఖ్య, జీవిత చక్రం, మొత్తం సంఖ్య పెట్టాను. మూడు సందేహాలు. రెండింటికీ రూపవిక్రియ (పిల్ల దశ నుంచి పెద్ద దశకి ఒళ్లు పూర్తిగా మారడం) ఉంది కాబట్టి ఒకే గడిలో "ఉంది" అని రాసేయొచ్చా? మాత్ 2000 గుడ్లు పెడుతుంది, కప్ప పాతిక పెడుతుంది, అందుకే ఒకటి మామూలు, ఒకటి అరుదు అని తేల్చేయొచ్చా? మొత్తం సంఖ్య గడిలో దేనికి ఏ అంకె రాయాలి?

తడినేల

ముందు ఒక దిద్దుబాటు. మీ పోలికకి పునాది అదే. బోగాంగ్ మాత్ ఇప్పుడు "మామూలు" జాబితాలో లేదు. 2021 డిసెంబరులో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) రెడ్ లిస్ట్ దాన్ని "అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నది" వర్గంలో చేర్చింది. కప్ప ఉన్నది "తీవ్ర ప్రమాదంలో ఉన్నది" వర్గంలో. అంటే రెండింటికీ మధ్య తేడా ఒకే ఒక్క మెట్టు. కోట్లలో ఉన్న జీవి కూడా రెండు మూడేళ్లలో ఆ మెట్టుకి దిగిపోగలదన్నదే ఈ జంటలో అసలు విషయం. ప్రాజెక్టుని దాని చుట్టూ అల్లండి. మామూలుదే కావాలని మీ లెక్చరర్ పట్టుబడితే "ఒకప్పుడు అతి మామూలు" అని రాయండి, అది పూర్తిగా నిజం.

రెండోది ఫొటో. కొరోబరీ కప్పలు రెండు జాతులు. 1996 దాకా రెండింటినీ ఒకటిగానే లెక్కేసేవారు. సదరన్ జాతికి నల్లటి ఒంటి మీద మెరిసే పసుపు చారలు వెడల్పుగా ఉంటాయి. నార్తర్న్ జాతికి చారలు సన్నగా, కొంచెం పచ్చదనం కలిసి ఉంటాయి. ఇంటర్నెట్‌లో రెండింటి ఫొటోలూ కలగలిసి ఉన్నాయి కాబట్టి బొమ్మ కింద పేరు చూసి మోసపోకండి, చారల వెడల్పు చూడండి. సదరన్ కప్ప సైజు సుమారు రెండున్నర, మూడు సెంటీమీటర్లు. కోజియస్కో నేషనల్ పార్కులో, 1300 మీటర్లకు పైన, స్ఫాగ్నమ్ నాచు పెరిగే బురద నేలల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

ఇక దాని జీవిత చక్రం. నాలుగు దశల బొమ్మ గీసి వదిలేస్తే ఇందులో ముఖ్యమైనదంతా పోతుంది. అక్కడ ఎండాకాలం జనవరి, ఫిబ్రవరి. ఆ నెలల్లో మగ కప్ప నీటిగుంట అంచున, తడి నాచు లోపల చిన్న గూడు చేసుకుని ఆడదాన్ని పిలుస్తుంది. ఆడది గుడ్లు పెట్టేది నీటిలో కాదు, ఆ నాచు గూట్లో. లోపల పిండం పొదిగే దశ దాకా పెరిగి అక్కడ ఆగిపోతుంది. శరదృతువులోనో, చలికాలం మొదట్లోనో వానలు పడి, గుంట నిండి, నీళ్లు గూడు దాకా ఎక్కితేనే గుడ్డు చిట్లి తోకకప్ప బయటికొస్తుంది. చలికాలమంతా మంచు కింద ఆ గుంటలోనే ఉండి, నెమ్మదిగా పెరిగి, మళ్లీ ఎండాకాలం మొదలయ్యే డిసెంబరు ప్రాంతంలో కప్పపిల్ల అవుతుంది. అది పెద్దదై గుడ్లు పెట్టాలంటే ఇంచుమించు నాలుగేళ్లు.

ఇందులో దెబ్బ తగిలే చోట్లు రెండున్నాయి. వాన ఆలస్యమైతే గూట్లో గుడ్లు ఎండిపోతాయి. వసంతంలో గుంట తొందరగా ఇంకిపోతే, కాళ్లు రాకముందే తోకకప్పలు చచ్చిపోతాయి. పందులు, అడవి గుర్రాలు తొక్కి నాచు నేలని చీల్చేస్తే నీరు నిలవదు, అప్పుడు రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి. మీ బొమ్మలో ఈ రెండు చోట్లా గుర్తు పెట్టండి.

ఆహారం గడిలో "కీటకాలు" అని ఊరుకోకండి. పెద్ద కప్ప తినేది ముఖ్యంగా చీమల్ని. చర్మంలో విషపు ఆల్కలాయిడ్లు ఉంటాయి. కొన్ని ఆహారం నుంచి వస్తాయి, సూడోఫ్రైనమిన్ అనే రకాన్ని మాత్రం కప్ప తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. వెన్నెముక జీవుల్లో ఇలాంటి ఆల్కలాయిడ్‌ని సొంతంగా తయారు చేసుకుంటాయని మొదట రుజువైంది ఈ ప్రజాతి కప్పల్లోనే. ఆ పసుపు చారలు వేటాడే వాటికి హెచ్చరిక. మాత్ ముదురు గోధుమ రంగుతో రాతిలో కలిసిపోతుంది. ఒకటి కనిపించి బతికితే, ఇంకొకటి కనిపించకుండా బతుకుతుంది. "రంగు" అని ఒక వరుస తప్పకుండా చేర్చండి.

లద్దెపురుగు

మాత్ సంగతి నేను రాస్తాను. ఇది నాక్టుయిడే కుటుంబం. మన పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు అన్నీ ఆ కుటుంబానివే. బోగాంగ్ లార్వాలు కట్‌వర్మ్‌లు. పగలు మట్టిలో దాక్కుని, రాత్రి పైకొచ్చి లేత మొక్కని నేల దగ్గర కొరికేస్తాయి. అందుకే ఆస్ట్రేలియా రైతుకి ఇది చీడపురుగు. అదే పురుగు కొండ మీదికెళ్లాక అక్కడి జీవులకి అన్నం. ఒకే జీవికి ఈ రెండు పాత్రలూ ఎలా ఉన్నాయో రాస్తే మీ ప్రాజెక్టు బరువు పెరుగుతుంది.

ఏడాది ఇలా నడుస్తుంది. దక్షిణ క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, పశ్చిమ విక్టోరియా మైదానాల్లో చలికాలంలో లార్వాలు వెడల్పాకు మొక్కలు తిని పెరుగుతాయి. వాటికి నచ్చేవి, ఎండితే పగుళ్లిచ్చి పైమట్టి తనంతట తానే పొడి అయ్యే నేలలు. మన నల్లరేగడి ఆ జాతి నేలే. మట్టిలోనే ప్యూపా అవుతాయి. వసంతంలో రెక్కలొచ్చి రాత్రిపూట ఎగురుతూ, కొన్ని వెయ్యి కిలోమీటర్ల దాకా ప్రయాణించి ఆస్ట్రేలియన్ ఆల్ప్స్ చేరతాయి. అక్కడి గ్రానైట్ గుహల్లో, బండల సందుల్లో ఎండాకాలమంతా కదలకుండా పడి ఉంటాయి. మన పుస్తకాల్లో దీన్నే గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. గుహ గోడ మీద ఒక చదరపు మీటరుకి సుమారు 17,000 పురుగులు, పెంకుటిల్లు కప్పు మీద పెంకుల్లా, ముందున్న దాని రెక్కల కింద తల దూర్చి వరుసగా అంటుకుని ఉంటాయి. అప్పటికి వాటి జననాంగాలు పరిపక్వం కావు. శరదృతువులో మళ్లీ మైదానానికి దిగివచ్చి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతాయి. ఆడది 2000 దాకా పెట్టగలదు.

దారి ఎలా తెలుస్తుందన్నదానికి ఒక పేరా కేటాయించండి. పోయినేడాది పుట్టినవన్నీ చచ్చిపోయాయి కాబట్టి దారి చూపించే పెద్దలు ఉండరు. భూ అయస్కాంత క్షేత్రాన్ని, కళ్లకు కనిపించే ఆనవాళ్లతో కలిపి వాడుకుంటాయని 2018లో తేలింది. నక్షత్రాలున్న ఆకాశాన్ని దిక్సూచిగా వాడుకుంటాయని 2025లో ప్రచురితమైంది. అంత దూరం వలసకి నక్షత్రాలని వాడే కీటకం తెలియడం అదే మొదలు. కప్ప మాత్రం పుట్టిన గుంట పరిసరాల్లోనే బతుకు వెళ్లదీస్తుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, కొండ మీద కాదు, మైదానంలో. 2017 నుంచి 2019 దాకా అక్కడ తీవ్రమైన కరువు. లార్వాకి పచ్చిమేత లేదు. గుహల్లో చేరే పురుగుల సంఖ్య 99.5 శాతం దాకా పడిపోయిందని అంచనా. అప్పుడు మౌంటెన్ పిగ్మీ పోసమ్ అనే చిన్న సంచి జంతువుకి, శీతాకాల సుప్తావస్థ నుంచి లేచే వేళకి దొరకాల్సిన తిండి లేకుండా పోయింది. కొన్నిచోట్ల తల్లుల సంచుల్లో పిల్లలు చనిపోయాయి. పురుగు పొట్టలో ఎండు బరువులో సగానికి పైగా కొవ్వే కాబట్టి దానికి సాటి వచ్చే మేత అంత ఎత్తులో ఇంకోటి లేదు. వేల ఏళ్లుగా అక్కడి ఆదివాసులు కూడా వీటిని తిన్నారు. విక్టోరియాలోని క్లాగ్స్ గుహలో దొరికిన, సుమారు 2000 ఏళ్ల నాటి నూరుడు రాయి మీద ఈ పురుగు అవశేషాలు బయటపడ్డాయి.

వెలుతురు కూడా ఒక సమస్యే. వలస దారిలోనే ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ఉంది. పెద్ద భవనాల దీపాలకు ఆకర్షితమై అక్కడే ఆగిపోతాయి, కొవ్వు అక్కడే ఖర్చయిపోతుంది.

ప్రాక్టికల్ భాగం కావాలంటే పొగాకు లద్దె పురుగుని పెంచి చూడండి, కుటుంబం అదే. ఆముదం ఆకు అడుగున రోమాలతో కప్పిన గుడ్ల ముద్ద దొరుకుతుంది. ఆకుతో సహా తెచ్చి, పల్చటి గుడ్డ కట్టిన వెడల్పాటి డబ్బాలో పెట్టండి. మూడు నుంచి ఐదు రోజుల్లో పొదుగుతాయి, రెండు మూడు వారాలు తింటాయి, ఆరు దశలు ఉంటాయి. ఆకు రోజూ మార్చాలి, తడి ఆకు వేయకూడదు. డబ్బా గోడకి నీటి చుక్కలు పడితే బూజు, రోగాలు వస్తాయి. ఎన్‌పీవీ వైరస్ తగిలిన లార్వా పైకి పాకి తల కిందులుగా వేలాడి, ముట్టుకుంటే చర్మం చిట్లి ద్రవం కారుతుంది. ఒక్కటి అలా కనిపించినా ఆ డబ్బా మొత్తం తీసేయండి. ఆఖరి దశకి వచ్చేసరికి డబ్బాకి పది మించి ఉంచొద్దు. అడుగున నాలుగైదు సెంటీమీటర్ల జల్లెడ పట్టిన మట్టి కొద్దిగా తేమగా పోయండి. మట్టి లేకపోతే ప్యూపాలు వంకరపోతాయి. ప్యూపా దశ వారం నుంచి పది రోజులు. పని అయ్యాక తల్లి పురుగుల్ని బయట వదలకండి, అవి పక్క చేలకు చీడ.

గ్రంథి

రూపవిక్రియ ప్రశ్నకి: "ఉంది" అని ఒకే గడిలో రాయకండి. పేరు ఒకటే గానీ జరిగే పని వేరు.

కప్పలో ఉన్న శరీరమే మారుతుంది. థైరాయిడ్ గ్రంథి విడుదల చేసే టీ4 హార్మోన్, కణజాలాల్లో టీ3గా మారి పని చేస్తుంది. అదే హార్మోన్ తోకలో కణాల్ని చావమంటుంది, కాళ్లలో కణాల్ని పెరగమంటుంది. ఏ కణజాలం ఎప్పుడు స్పందిస్తుందన్నది అందులోని గ్రాహకాలు, ఎంజైముల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే కాళ్లు ముందొస్తాయి, తోక చివర్లో పోతుంది. పేగు బాగా పొట్టిదవుతుంది, మొప్పలు పోతాయి, నోట్లోని కొమ్ములాంటి ముక్కు రాలిపోతుంది. ఈ ముక్కు సంగతి గుర్తుంచుకోండి, కప్పల్ని చంపే కైట్రిడ్ శిలీంధ్రం మాట వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది. 1912లో గుడర్నాట్ష్ తోకకప్పలకి థైరాయిడ్ గ్రంథి తినిపిస్తే అవి బుల్లి సైజులోనే కప్పలైపోయాయి. హార్మోన్ పాత్రకి తొలి రుజువు అదే.

మాత్‌లో చాలా భాగం కూలగొట్టి కొత్తది కట్టడమే. ఎక్డైసోన్ అనే హార్మోన్ పెరిగినప్పుడల్లా లార్వా పొర విడుస్తుంది. అప్పుడు జువెనైల్ హార్మోన్ ఉంటే మళ్లీ లార్వాగానే ఉంటుంది, అది తగ్గిపోయాక ప్యూపా అవుతుంది. రెక్కల లాంటి భాగాలు లార్వా లోపల ఇమాజినల్ డిస్క్‌లుగా (పెద్ద పురుగు అవయవాలకి మూలమైన కణాల ముద్దలుగా) ముందే నిద్రాణంగా ఉంటాయి. ప్యూపాలో లార్వా కండరాలు, పేగు చాలావరకు కరిగిపోతాయి, నమిలే నోరు పోయి పీల్చే గొట్టం వస్తుంది. లోపలంతా ద్రవమైపోతుందని చాలామంది రాస్తారు, అది తప్పు. శ్వాసనాళాలు, నాడీ వ్యవస్థ తిరిగి అమరతాయే గానీ మాయం కావు. లార్వాగా ఉన్నప్పుడు ఒక వాసనని తప్పించుకోవడం నేర్పితే మాత్ అయ్యాక కూడా గుర్తుందని 2008లో ఇంకో జాతి మాత్ మీద చేసిన ప్రయోగం చూపింది.

పట్టికలో దీన్ని మూడు గడులుగా విడదీయండి: నడిపించే హార్మోన్, మధ్యలో కదలని దశ ఉందా, ముందు వెనక ఆహారం ఏమిటి. కదలని దశ మాత్‌కి ఉంది, కప్పకి లేదు. ఆహారం రెండింటికీ పూర్తిగా మారుతుంది, అసలు పోలిక అక్కడ కుదురుతుంది.

లెక్కలమాస్టారు

గుడ్ల సంఖ్య ఒక్కటే చూపించి "అందుకే అరుదు" అని తేల్చడం కుదరదు. 2000 గుడ్లు పెట్టే జీవి 99.5 శాతం పడిపోయిన కథ పైనే ఉంది కదా. గుడ్లకి పక్కన బతికే శాతం పెట్టి లెక్కేయండి.

మాత్ ఏడాదికి ఒకే తరం. ఆడది 2000 గుడ్లు పెడితే, సంఖ్య పెరగకుండా తగ్గకుండా ఉండాలంటే అందులో రెండే బతకాలి, అంటే 0.1 శాతం. అది 0.05 శాతానికి పడితే మరుసటేడు సగమే ఉంటాయి. అంత చిన్న తేడా మనం పొలంలో కనిపెట్టలేం. మూడేళ్లలో 99.5 శాతం పోవాలంటే ఏటా సుమారు 83 శాతం పోవాలి. కరువులో లేత లార్వాలకి అది అసాధ్యమేమీ కాదు. తిరిగి లేవడం కూడా అలాగే వేగంగా ఉంటుంది. 0.5 శాతం నుంచి పూర్వ స్థాయికి 200 రెట్లు పెరగాలి. ఏటా రెట్టింపైతే ఎనిమిదేళ్లు చాలు.

కప్పకి కీలకం గుడ్లు కావు, పెద్ద కప్పలు ఎన్నేళ్లు బతుకుతాయన్నది. ఉదాహరణకి ఏటా 70 శాతం పెద్దవి బతుకుతాయనుకోండి, ఇది లెక్క కోసం నేను తీసుకున్న అంకె. సగటున ఒక ఆడది గుడ్లు పెట్టే సంవత్సరాలు ఒకటిని 0.3తో భాగిస్తే 3.3. ఏడాదికి పాతిక చొప్పున 83 గుడ్లు. అందులో రెండు పెద్దవైతే చాలు, అంటే 2.4 శాతం. జబ్బు వల్ల పెద్దవి 30 శాతమే బతికితే గుడ్లు పెట్టేది 1.4 ఏళ్లు, మొత్తం 36 గుడ్లు. ఇప్పుడు 5.6 శాతం పెద్దవి కావాలి. గుంటలు, వానలు అవే ఉండి కూడా పిల్లలు రెండింతలకు పైగా బతకాల్సి వచ్చింది. పైగా ఆ పిల్లలు చేతికొచ్చేది నాలుగేళ్ల తర్వాత.

మొత్తం సంఖ్య గడిలో రెండు అంకెలు పక్కపక్కన పెట్టొద్దు, లెక్కించే తీరే వేరు. మాత్‌ని గుహలో చదరపు మీటరుకి ఎన్ని, ఎన్ని చదరపు మీటర్లు అని గుణిస్తారు, లేదా దీపపు ఎరలో పడినవి లెక్కేస్తారు. దీపపు ఎర అంకె వెన్నెల, గాలి, బల్బు శక్తిని బట్టి మారిపోతుంది కాబట్టి అది మొత్తం సంఖ్య కాదు, ఏడాదికి ఏడాదికి పోల్చుకునే సూచిక మాత్రమే. కప్పల్ని లెక్కించడానికి గుంట దగ్గర నిలబడి గట్టిగా అరుస్తారు. గూట్లో ఉన్న మగవి ఆ అరుపుకి బదులిస్తాయి. అంటే దొరికేది మగవాటి లెక్కే, అదీ జతకట్టే కాలంలోనే. అడవిలో మిగిలిన సదరన్ కొరోబరీలు యాభై లోపేనని అంచనా. ఆ గడి పేరు "లెక్కించే పద్ధతి, తాజా అంచనా" అని మార్చండి.

జువాలజీ_రెండో_ఏడు

చాలా ధన్యవాదాలండీ. శీర్షిక మార్చేస్తున్నాను, రూపవిక్రియని మూడు గడులు చేశాను. ఒక్కటే మిగిలింది. కప్పలకి వచ్చిన కైట్రిడ్ శిలీంధ్రానికి మందు ఉందని చదివాను. మరి అడవిలో ఎందుకు వాడరు? తోకకప్పలు దానితో చావవని కూడా అక్కడే రాసి ఉంది, కారణం ఏమిటి?

తడినేల

రెండో ప్రశ్నకి జవాబు గ్రంథి గారు చెప్పిన ముక్కులోనే ఉంది. ఆ శిలీంధ్రం, బాట్రకోకైట్రియం డెండ్రోబాటిడిస్, కెరాటిన్ (గోళ్లలో, కొమ్ముల్లో ఉండే గట్టి ప్రోటీన్) ఉన్న చర్మంలోనే పెరుగుతుంది. తోకకప్పకి కెరాటిన్ ఉండేది నోటి భాగాల్లోనే, కాబట్టి శిలీంధ్రం అంటినా బతుకుతుంది. కాళ్లొచ్చి ఒళ్లంతా కెరాటిన్ పొర ఏర్పడగానే శిలీంధ్రం చర్మమంతా పాకుతుంది. కప్ప నీటినీ లవణాల్నీ చర్మం ద్వారానే సరిచేసుకుంటుంది. చర్మం పాడైతే రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగిపోతుంది. అందుకే చావులు కప్పపిల్లల దశ నుంచి కనిపిస్తాయి.

మందు ఇట్రాకొనజోల్. బందీగా ఉన్న పెద్ద కప్పల్ని 0.01 శాతం ద్రావణంలో రోజుకి 5 నిమిషాల చొప్పున 10, 11 రోజులు ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి. తోకకప్పలకి అది హాని చేస్తుంది. అడవిలో కుదరకపోవడానికి పెద్ద కారణం వేరే ఉంది. అదే బురద నేలల్లో క్రినియా సిగ్నిఫెరా అనే మామూలు చిన్న కప్ప ఉంటుంది. దానికి శిలీంధ్రం అంటినా పెద్దగా ఏమీ కాదు, సంఖ్య కూడా ఎక్కువ. కొరోబరీకి నయం చేసి వదిలినా, మొదటి తడి గుంటలోనే దాని నుంచి మళ్లీ అంటుకుంటుంది. శిలీంధ్రానికి బాగా నచ్చే ఉష్ణోగ్రత 17 నుంచి 25 డిగ్రీలు, తక్కువలో కూడా బతుకుతుంది కాబట్టి ఆ చల్లటి కొండ మీద దానికి ఇబ్బంది లేదు.

అందుకే టరోంగా జూ, మెల్‌బోర్న్ జూ, హీల్స్‌విల్ శాంక్చువరీ పెంచిన కప్పల్ని కోజియస్కోలో కంచె కట్టిన ఆవరణల్లో ఉంచుతున్నారు. వాన, మంచు, ఎండ అడవిలోవే. బయటి కప్ప మాత్రం లోపలికి ఎక్కి రాకూడదు. 2019-20 కార్చిచ్చుల్లో ఆ ప్రాంతం కాలినప్పుడు ఆవరణలకీ దెబ్బ తగిలింది కాబట్టి, అన్ని కప్పల్నీ ఒకే చోట పెట్టడం ప్రమాదమని మీ చర్చ భాగంలో రాయండి.

మీ ప్రాజెక్టులో "ప్రమాద కారణం" వరుసలో కప్పకి శిలీంధ్రం, మాత్‌కి కరువు అని ఒక్కొక్క మాటే రాయకుండా, కప్ప గడిలో "క్రినియా ద్వారా తిరిగి సోకడం" అని, మాత్ గడిలో "పుట్టే నేలల్లో చలికాలపు మేత లేకపోవడం" అని రాయండి. వైవాలో పరీక్షకులు "ఎలా" అని అడిగేది ఆ గడుల దగ్గరే.